మగ్గం గుంటలో చుక్క

చుక్క పోచంపల్లికి వచ్చి నాలుగు నెలలైనా ఆ వాడ పిల్లలెవరూ దాన్ని నిండుగా చూడలేదు. వీధిలో పిల్లల గొంతు వినబడితే చాలు, మగ్గం గుంటలోకి దిగిపోయేది. మురళీమోహన్ కాళ్లు తొక్కుడు చెక్కల మీద ఆడుతుంటే, వాటి వెనక మూలకు ఒదిగి, సందడి తగ్గేదాకా వణుకుతూ ఉండేది.

కూతురు ప్రియాంకను చూడడానికి చౌటుప్పల్ పోయినప్పుడు, దీపావళి మర్నాడు, మురళీమోహన్ భార్య సైదమ్మకు అది హైవే పక్కన కనబడింది. ఎవరో పిల్లలు తోకకు టపాకాయలు కట్టారట. ఇంకా నలుగురు రాళ్లు పట్టుకుని వెంటబడి ఉన్నారు. వాళ్లను అదిలించి, కుక్కను పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. నుదుట తెల్ల మచ్చ ఉందని చుక్క అని పేరు పెట్టింది. అత్త వెంకటనర్సమ్మ మాత్రం ‘పిర్కిదానా’ అనే పిలిచేది.

మార్చిలో ప్రియాంక ఫోన్ చేసింది. తను పనిచేసే మందుల కంపెనీలో షిఫ్టులు మారాయి. ఐదేళ్ల కూతురు వర్షితను వచ్చే నెలలోనే పంపిస్తుంది, ఒకటో తరగతి ఇక్కడి బళ్లోనే.

“పిల్ల మెసిలే ఇంట్ల పిల్లల మీద గుర్రుమనే కుక్కనా?” అన్నాడు మురళీమోహన్.

“జర ఆగయ్యా. అలవాటు చేస్త.”

నూలు చిక్కుపడితే ఒక కొసను గుంజకు బిగించి, రెండో కొస నుంచి మెల్లగా విప్పుకుంటూ రావడం సైదమ్మకు చిన్నప్పుడే అబ్బిన పని. చుక్క భయాన్నీ అట్లాగే విప్పవచ్చనుకుంది. ఒక సాయంత్రం దాన్ని అరుగు మీది గుంజకు కట్టేసి, వాడ పిల్లలను పిలిచి తలా ఒక బిస్కెట్ ఇచ్చి, “పెట్టుండ్రి, ఏమనది” అంది. ఆరుగురు ఒక్కసారే ముసురుకున్నారు. చుక్క తాడు తెగేటట్టు వెనక్కి గుంజింది. ఇక పోవడానికి జాగా లేదు. ఒక పిల్ల తల నిమరబోయి పైనుంచి చెయ్యి చాపింది. మరుక్షణం ఆ పిల్ల గౌను అంచు చుక్క పళ్ల మధ్య ఉంది.

పిల్లకు గీత కూడా పడలేదు. అయినా గౌను చినిగింది, ఏడుపులు అయ్యాయి, ఆ పిల్ల తల్లి గుర్వమ్మ వచ్చి అరుగు ముందు నిలబడి వాడంతా వినబడేటట్టు తిట్టిపోయింది. ఆమె పోగానే మురళీమోహన్ తన పాత దోస్తు మైసయ్యకు ఫోన్ చేశాడు. మైసయ్యకు బత్తాయి తోట ఉంది, కావలికి కుక్క కావాలి.

“బడులు తెరిచే ముందటి ఆదివారం వస్తడు,” అన్నాడు ఫోన్ పెట్టేసి. “అప్పటికి పిల్లలు ఇంట్ల తిరుగుతుంటె గుర్రుమనకుంట ఉంటె ఉంచుకో. లేకుంటె తోటకు. ఇగ నన్ను అడగకు.”

తోటలో కుక్క బతుకు ఎట్లా ఉంటుందో సైదమ్మకు తెలుసు. పగలంతా గొలుసు, దానికి తోడు కోతుల్ని తరిమే పిల్లల వడిసెల రాళ్లు. ఆమె పశువుల దవాఖానకు పోయింది. చుక్కకు సూదులు వేసిన దివాకర్ జరిగింది విని తల పట్టుకున్నాడు.

“కట్టేసినవా వదినె?”

“కట్టకుంటె ఉరుకుతది గద!”

“ఉరకనియ్యాలె. ఉరికే తోవ ఉంటె అది పండ్లు చూపియ్యది. నువ్వు తోవ బంద్ చేస్తివి, ఇగ అదేం చెయ్యాలె?”

 సైదమ్మ చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగింది. “నేను నూలు ఆసు పోస్తుంటె పక్కకొచ్చి పంటది. పొద్దంత నా చెయ్యి అటిటు ఆడుతనే ఉంటది, దానికేం ఫికర్ ఉండది. అదే ఈగను కొట్టెతందుకు చెయ్యి లేపిననా, గుంటల దుంకుతది. గదేంది?”

“నీ ఆసు చెయ్యి ఎటు పోయి ఎటొస్తదో దానికి ఎరుకైంది. పోరగాండ్ల చెయ్యి ఎటొస్తదో ఎరుక లేదు. గంతే.”

ఇంటికి వచ్చేదాకా సైదమ్మ ఆ మాటే నెమరేసుకుంది. వాడలో చాలా ఇళ్లకు నూలు చుట్టే ఆసు మిషన్లు వచ్చాయి గాని, ఆమెది ఇంకా చేతి ఆసే. సగం చక్రంలా వంగిన చెక్కకు వరసగా మేకులు. నడిమి మేకు నుంచి ఒక్కో మేకుకూ దారం తీసుకుపోయి తీసుకురావాలి. చూపు దారం మీది నుంచి పక్కకు పోతే లెక్క తప్పుతుంది. ఆసు ముందు కూర్చోబెడితే పిల్ల చెయ్యి ఒకే తీరుగా ఆడుతుంది, కళ్లు కుక్క మీదికి పోవు. ఇంతకన్నా ఏం కావాలి?

ఏప్రిల్‌లో వర్షిత రాగానే పాత చెక్కకు మేకులు కొట్టి చిన్న ఆసు తయారు చేసింది. పనికిరాని నూలు ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. తాను మగ్గం గుంటకూ పిల్లకూ మధ్య కూర్చుంది. గుంట నోరు ఎప్పుడూ తెరిచే ఉంచింది.

“చుక్కను పిలవొద్దు. చూడొద్దు. దాని దగ్గరికి పోవొద్దు. దారం తప్ప నీకేం కనబడొద్దు.”

“చూడకుంటె అది వచ్చిందో రాలేదో నాకెట్ల తెలుస్తది అమ్మమ్మా?”

“నేను లేనా ఇక్కడ?” అంది మంచం మీది నుంచి వెంకటనర్సమ్మ. “నేను చెప్త. ఇగో, ముక్కు బయట వెట్టింది. ఒక కాలు వెట్టింది. ఆ... తీసుకపోయింది. మీ తాత దగ్గిండు మరి, దొంగ దగ్గు!”

“దగ్గు గూడ ఆపుకోవాల్నా ఈ ఇంట్ల!” అన్నాడు మురళీమోహన్.

సైదమ్మ జొన్నరొట్టె ముక్కలు తన వెనక్కి విసిరేది. మొదటి వారం అన్నీ చీమల పాలయ్యాయి. రెండో వారం ముక్కలు మాయమవసాగాయి. మూడో వారంలో ఒక మధ్యాహ్నం వర్షిత చెయ్యి మేకుల మీద ఆడుతూ ఉండగా చుక్క వచ్చి ఆమె పాదాలు వాసన చూసింది. ముసలామె గొంతు తగ్గించి చెప్పింది, “కదలకు బిడ్డా. నీ కాలికాడనే ఉంది.”

వర్షిత కదలలేదు. కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. దారం ఒకే మేకుకు మూడుసార్లు చుట్టుకుంది.

అప్పుడే వర్షితకు ఒక తుమ్ము వచ్చింది. చుక్క ఒక్క దూకులో గుంటలో పడింది. పిల్లకు ఏడుపొచ్చింది. అయితే పావుగంటకు అది తనంతట తానే మళ్లీ వచ్చింది. ఆ సంగతి చెబితే దివాకర్ ఫోన్‌లోనే చప్పట్లు కొట్టాడు. “ఉరకకుంట ఉండుడు కాదు వదినె, ఉరికినంక మళ్ల వచ్చుడు కావాలె!”

మే నెలాఖరుకు చుక్క వర్షిత పక్కనే పడుకునేది. సైదమ్మ ఒకరిద్దరు పిల్లలను కూడా పిలిచి కూర్చోబెట్టసాగింది. వాళ్లు వర్షిత చెప్పినట్టే వినేవాళ్లు. కానీ ఇద్దరు వేరు, గుంపు వేరు. గుంపును పిలిచే ధైర్యం సైదమ్మకు ఇంకా రాలేదు.

జూన్ ఆదివారం రానే వచ్చింది. మైసయ్య ట్రాలీ ఆటో దిగి, గొలుసు భుజాన వేసుకుని, అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. చుక్క వర్షిత పక్కన పడుకుని ఉంది.

“మంచిగనే ఉంది గద చెల్లె!” అన్నాడు.

“మంచిదే అన్నా. నీకిచ్చేది లేదు.”

సరిగ్గా అప్పుడే వాన దంచి కొట్టింది. వీధిలో ఆడుకుంటున్న పిల్లలు తొమ్మిది మంది తడిసిపోయి, అరుచుకుంటూ, ఒకరినొకరు నెట్టుకుంటూ ఇంట్లోకి జొరబడ్డారు. చుక్క లేచింది. ఒళ్లంతా బిగుసుకుంది. క్షణంలో గుంటలో ఉంది.

మగ్గం చప్పుడు ఆగింది. “చూసినవా?” అన్నాడు మురళీమోహన్. గొంతులో కోపం లేదు, బాధే ఉంది. మైసయ్య చాయ్ గ్లాసు కింద పెట్టి గొలుసు తీశాడు.

సైదమ్మ నోరు తెరిచేలోపు వర్షిత లేచింది. గుంట వైపు పోలేదు. నడింట్లో నిలబడి, టీచరమ్మలా నడుము మీద చేతులు పెట్టుకుంది.

“అందరు గోడ దిక్కు తిరిగి కూసోండ్రి. ఎవ్వలు లొల్లి చెయ్యొద్దు. ఎవ్వలు ఎనుకకు చూడొద్దు.”

“ఎందుకే?” అన్నాడొకడు.

“చెప్పేది నేను. కూసో.”

తొమ్మిది మందీ గోడకు మొహాలు పెట్టి చతికిలబడ్డారు. నీళ్లు కారుతున్న తొమ్మిది వీపులు. వర్షిత వాళ్ల మధ్యన కూర్చుంది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వెంకటనర్సమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

“ముక్కు... కాలు... రెండు కాళ్లు. మీదికెక్కింది. నిలబడ్డది. ఎనుకకు చూస్తాంది. పోతదా... పోలె! వస్తాంది, వస్తాంది. బీరన్న మనుమని వీపు వాసన చూస్తాంది.”

ఆ పిల్లవాడికి చక్కిలిగింత పుట్టింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

“ఇంకోదాన్ని చూసింది. ఇంకోదాన్ని. మా పిల్ల కాడికొచ్చింది.” ముసలామె ముందుకు వంగింది. “కూసున్నది. వీపుకు వీపు ఆనిచ్చి కూసున్నదే, నా తల్లి!”

ఆమె దాన్ని పిర్కిదానా అని కాక మరో తీరుగా పిలవడం అదే మొదటిసారి.

సైదమ్మ కళ్లు నిండిపోయాయి, ఎవరూ కనబడలేదు. మురళీమోహన్ మగ్గం నుంచి లేచి, అడుగులో అడుగు వేసుకుంటూ అరుగు మీదికి పోయి మైసయ్య ముందు నిలబడ్డాడు.

“మైసన్నా, తోటకు ఇంకో కుక్కను చూసుకో. ఇది మా ఇంటిది.”

“తీస్కపొమ్మన్నా నేను తీస్కపోనురా,” మైసయ్య గుసగుసగా అన్నాడు. “ఇంతకు నేను గూడ గోడ దిక్కు తిరగాల్నా?”

ఆ మాటకు పిల్లల వీపులన్నీ నవ్వుతో కదిలిపోయాయి. ఒకడు ఆపుకోలేక పకపకా నవ్వాడు. మిగతావాళ్లూ అందుకున్నారు. ఇల్లంతా మారుమోగింది. చుక్క చెవులు నిక్కబొడుచుకుంది, గుంట వైపు ఒకసారి చూసింది. లేవలేదు.

వాన వెలిసింది. పిల్లలు ఒక్కొక్కరే లేచి వీధిలోకి ఉరికారు. అందరికంటే వెనక వర్షిత పోయింది. చుక్క గడప దాకా నడిచింది, ఆగింది, బయటికి చూసింది. వాళ్లు బురద నీళ్లలో గెంతుతూ కేకలు పెడుతున్నారు. అది గడప దాటి, తోక ఊపుకుంటూ, ఆ కేకల్లోకి నడిచిపోయింది.