ఎండ పలకల కింద

కృష్ణమ్మను పంట పెంచే ప్లాస్టిక్ ఇంట్లోంచి బయటికి మోసుకొచ్చేసరికే ఆమె నోట నురగ కారుతోంది. తోటి కూలి గంగులమ్మ ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని, "జరగండమ్మా, గాలి తగలనీయండి" అని అరిచింది. వెనక తలుపులోంచి పురుగుమందు వాసన గుప్పుమంది. మదనపల్లె ఆసుపత్రి చేరకముందే, దారిలోనే కృష్ణమ్మ పోయింది.

సదుం దగ్గర ఆ ఇల్లున్న చేను ఒకప్పుడు అందులో పనిచేసే కూలోళ్ళదే. సర్కారు పట్టా ఇచ్చిన భూమి. ఎనభై ఐదు కరువులో ఆఫీసర్లొచ్చి, ప్రయోగం కింద ఎండతో కరెంటు పుట్టించే పలకలు పెడతామన్నారు. వాటి కింద ప్లాస్టిక్ ఇంట్లో పంట పండుతుందన్నారు, బోరు నీళ్ళు పల్లెకూ ఇస్తామన్నారు. పలకలొచ్చాయి, ఇల్లు లేచింది. భూమితో సహా అన్నీ పెద్దరైతు దొరస్వామి చేతిలోకి పోయాయి. లోపల బెంగళూరు హోటళ్ళకు పోయే బుంగమిరప కాస్తోంది. పల్లెలో బావులు ఎండిపోయాయి.

పలకల కరెంటు బోరు మోటారుకూ, లోపలి ఫ్యాన్లకూ కలిపి చాలదు. దొరస్వామి ఫ్యాన్లు ఆపించాడు. పురుగుమందు బయటికి పోకూడదని తలుపులు మూయించి కృష్ణమ్మ చేత కొట్టించాడు.

కృష్ణమ్మను పూడ్చిన చోటే కూలోళ్ళు కూర్చున్నారు.

"పలకలు పగలగొడదాం" అంది జైనాబ్. ఆమె పుంగనూరు నుంచి రోజూ కూలికొచ్చే మనిషి.

"పలకలేం సేసినాయమ్మా? మన నెత్తిన కాసే ఎండే గదా అది" అంది గంగులమ్మ. "మోటారు మనమే ఏసుకుందాం. నీళ్ళు పల్లెకు తిప్పుదాం."

"పోలీసులొస్తే?" అన్నాడు ముసలి అంకయ్య.

"వస్తారు. రారని నేను సెప్పలా."

పొద్దున్నే అందరూ కలిసి గేటు తోసుకుని పోయారు. పైపు పల్లె వైపు తిరిగింది. ఆడోళ్ళు బిందెలు పట్టుకున్నారు, పిల్లోళ్ళు నీళ్ళలో పొర్లాడారు. గంగులమ్మ దోసిట నీళ్ళు పట్టుకుంది గానీ తాగలేకపోయింది. కృష్ణమ్మ గొంతు తడవకుండానే పోయింది.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. వెంట దొరస్వామి దిగాడు.

"ఎవురబ్బ సొత్తనుకున్నారే?"

"మాదేనప్పా. నువ్వే మరిసిపోయినావు" అంది గంగులమ్మ.

లాఠీలు లేచాయి. అంకయ్య తల పగిలింది. బిందెలు దొర్లిపోయాయి. పైపు మళ్ళీ ప్లాస్టిక్ ఇంటివైపే తిరిగింది. గంగులమ్మనూ, జైనాబ్‌నూ, మిగతా ఆడోళ్ళనూ వ్యాన్లోకి తోశారు.

అప్పుడే గంగవరం నుంచి కొత్త కూలోళ్ళతో ట్రాక్టరు వచ్చి ఆగింది. గంగులమ్మ వ్యాను కిటికీ కమ్మీలు పట్టుకుని అరిచింది. "లోపలికి పోవద్దండమ్మా! గాలాడదు. మొన్న ఒక మనిషి సచ్చిపోయింది!"

"ఇంట్లో పిల్లోళ్ళు పస్తుండారక్కా. ఏం సేసేది?" అంది ఒకామె. తల దించుకుని అందరూ లోపలికి నడిచారు. వాళ్ళను తిట్టడానికి గంగులమ్మకు మనసు రాలేదు. ప్లాస్టిక్ ఇంటి తలుపు మూసుకోసాగింది.

ఆఖరున నడుస్తున్న బక్కపల్చని ఆడమనిషి గుమ్మంలో ఆగింది. దొరస్వామి గదమాయిస్తున్నా వ్యాను వైపు తిరిగింది.

"సచ్చిపోయినామె పేరేంది?"

వ్యాను కదిలింది.

"కృష్ణమ్మ!" వ్యాన్లో ఉన్న ఆడోళ్ళంతా ఒక్క గొంతుతో అరిచారు.