పాలగిన్నె ముందు, నూనె మూకుడు చివర

ఎండిన మన్ను నీళ్ళు తాగేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది.

గుటక కాదు. గుటకకు ముందు గొంతులో కదిలే చిన్న చప్పుడు... దప్పికతో ఉన్న మనిషి చెంబును చూడగానే చేసే చప్పుడు.

దాన్ని వింటూ నేను ముప్పై నాలుగేళ్ళు గడిపాను.

యాడికి అనే ఊళ్ళో మా ఇంటి వంటగది మూలన జాలాడి ఉండేది. నాలుగు నాపబండలు పరిచి, చుట్టూ జానెడు గట్టు కట్టి, గోడకు అడుగున తూము పెట్టిన చోటు. అక్కడే కింద కూర్చుని అంట్లు తోముకునేవాళ్ళం. తూము అవతల పెరడు. పెరట్లో, తూముకు మూరెడు దూరంలో, నిమ్మచెట్టు.

ఆ చెట్టుకు పని కట్టుకుని ఎవరూ నీళ్ళు పోయలేదు. మా అంట్ల నీళ్ళు తాగే అది పెరిగింది. మా అత్త హనుమంతమ్మ పెట్టిన చెట్టు.

అత్త పోయి నాలుగేళ్ళయింది. చెట్టు ఉంది.

ఇప్పుడు నా మోకాళ్ళు పోయాయి.

అనంతపురంలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, ఇక కింద కూర్చోకూడదన్నాడు. గొంతుక్కూర్చోవడం అసలే కూడదన్నాడు. నాకు నవ్వొచ్చింది. కింద కూర్చోకుండా నేను ఏం చేశాను గనక... బియ్యం చెరిగినా, శనక్కాయలు వొలిచినా, అంట్లు తోమినా అంతా కిందే కదా. ఆయన మాత్రం నవ్వలేదు. మాత్రలు రాసిచ్చి పంపేశాడు.

తిరుగు బస్సులోనే కోడలు లావణ్య తేల్చేసింది. జాలాడి తీసేసి సింకు పెట్టిద్దామంది. నిలబడి తోముకోవచ్చంది. కాపురానికి వచ్చి ఏడాది కాలేదు, ఇల్లంతా అప్పుడే దాని చేతికి అలవాటైపోయింది. మంచి పిల్ల. నోరు మాత్రం ఆగదు.

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఎర్రటి చేలు. వాన కోసం దున్ని పెట్టి, వాన రాక, అలాగే పడి ఉన్న చేలు.

సింకుకు పైపు ఉంటుంది. పైపు వీధి కాలవలోకి పోతుంది. ఊళ్ళో అందరిదీ అలాగే పోతుంది.

మరి చెట్టు?

*

నేను కాపురానికి వచ్చేనాటికి ఇక్కడ కుళాయి లేదు. వంకలో ఇసుక తవ్వి చెలమ చేసి, ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో తోడి బిందె నింపాలి. పోను ఒక మైలు. రాను ఒక మైలు. రాను మైలు ఎప్పుడూ పెద్దది.

అంట్లకు అత్త ఒక్క బిందె ఇచ్చేది. ఇంట్లో తొమ్మిది మందిమి. అయినా ఒక్కటే.

ఆ బిందెను రెండు బేసిన్లలోకి వంచుకోవాలి. బూడిదతో తోమి, మొదటి దాంట్లో ముంచి, రెండో దాంట్లో తేల్చి, బోర్లించాలి. ఏది ముందు, ఏది తర్వాత — అదీ అసలు విద్య. పాలగిన్నె ముందు. తర్వాత మజ్జిగ చట్టి. అన్నం దబర. పప్పు గిన్నె. అన్నిటికీ చివర... నూనె మూకుడు.

అలా చేస్తే చివరిదాకా నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. నిమ్మచెట్టు పెట్టాక, మూకుడు ముట్టుకునే ముందే మంచి నీళ్ళన్నీ తూములో పోసేసేది అత్త. అవి చెట్టువి. మూకుడు కడిగిన జిడ్డు నీళ్ళు మాత్రం చెట్టు దరిదాపులకు కూడా పోనిచ్చేది కాదు. వాటిని వాకిట్లోకి మోసుకుపోయి, దుమ్ము అణగడానికి చల్లేది.

నాకివన్నీ ఏం తెలుసు? మాది గార్లదిన్నె వైపు, కాలవ కింద ఊరు. నీళ్ళు వాటి పాటికి అవి పోతుండేవి. మా పాటికి మేం ఉండేవాళ్ళం.

వచ్చిన మూడో రోజు. పెళ్ళి చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. వడలు కాల్చిన మూకుడు అంట్ల మధ్య కూర్చుని ఉంది. అన్నిటికంటే పెద్దది, నల్లది. దీని పీడ ముందు వదిలించుకుంటే సగం పని అయిపోతుందనుకున్నాను.

ముంచాను.

నీళ్ళ మీద నూనె చుక్కలు లేచాయి. ఒకటి, పది, వంద... గుండ్రంగా, పచ్చగా, కళ్ళు తెరిచి నన్నే చూశాయి.

వంటింట్లో మాటలు ఆగిపోయాయి. మా ఆడబిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకా తోమవలసిన గిన్నెలు గుట్టగా నా పక్కనే ఉన్నాయి.

అత్త వచ్చింది. నీళ్ళను చూసింది. నన్ను చూడలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని వంకకు పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది.

ఆమె వచ్చేదాకా నేను లేవలేదు. లేస్తే ఏం చేయాలో తెలియలేదు. పుట్టింటికి పంపేస్తారనుకున్నాను. కన్నీళ్ళు ముక్కు మీదుగా జారి ఒళ్ళో పడుతున్నాయి.

అత్త బిందె దించింది. కొంగుతో మెడ తుడుచుకుంది. అప్పుడు చూసింది నావైపు.

"ఏడవద్దులేమ్మే," అంది. "ఆ నీళ్ళు కూడా దండగే."

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ రోజు తన స్నానం నీళ్ళు కూడా చుట్టాలకే ఇచ్చేసి, ఒళ్ళు కడుక్కోకుండానే పడుకుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ మాటలో కోపం ఎంత, ప్రేమ ఎంత... చాలా ఏళ్ళు తూచి చూసుకున్నాను. ఇప్పుడు తూచడం మానేశాను. ఆమె నాకు కావాలి. అంతే.

ఆ మరుసటి ఏడే నిమ్మ మొలక పెట్టింది. ఆ ఏడు వాన లేదు. గొడ్లను తోలేశారు. చేలో శనగ మొలకెత్తిన చోటే మాడిపోయింది. ఊరంతా గోధుమరంగులోకి తిరిగిపోతుంటే, మా పెరట్లో మాత్రం నాలుగు ఆకులు. పచ్చగా. అంట్ల నీళ్ళతో. మొదటి కాయ కాసినప్పుడు అత్త దాన్ని కోసి నా దోసిట్లో పెట్టి పోయింది.

*

తాడిపత్రిలో చంద్రమోహన్ అంగడి. గోడ పొడవునా సింకులు నిలబెట్టి ఉన్నాయి. తళతళా మెరుస్తున్నాయి. అన్నిటికీ అడుగున బొక్క.

బొక్క పడ్డ బిందెలకు జన్మంతా మాట్లు వేయించుకున్నదాన్ని. ఇప్పుడు డబ్బులిచ్చి మరీ బొక్క ఉన్న గిన్నె కొనడానికి వచ్చాను. ఆ మాటే అంటే చంద్రమోహన్ నవ్వి, బొక్క లేనిది ఇంకా రాలేదక్కా, వస్తే మీకే మొదట కబురు పెడతానన్నాడు.

లావణ్య ఒంటి తొట్టి సింకు దగ్గర ఆగిపోయింది. ఇంత వెడల్పు, అంత లోతు. ఇడ్లీ పాత్రను పడుకోబెట్టినా పడుతుందంది. దాన్ని వదిలి కదల్లేదు.

నేను కాసిని నీళ్ళు అడిగాను. తాగడానికనుకుని చంద్రమోహన్ సీసా ఇచ్చాడు. సింకును బల్ల అంచుకు పెట్టించి, కింద బకెట్టు పెట్టించి, బొక్కకు అరచెయ్యి అడ్డం పెట్టి, సీసా మొత్తం వంచాను.

సీసా ఖాళీ అయింది. సింకు అడుగు సగం కూడా తడవలేదు.

మూలన రెండు తొట్ల సింకు ఒకటి ఉంది. ఎవరూ అడగనట్టుంది, దుమ్ము పట్టి ఉంది. ఒక్కో తొట్టి మా పాత బేసినంత. బకెట్టులో పడ్డ నీళ్ళనే మళ్ళీ సీసాకెత్తి దాంట్లో పోశాను. అడుగంతా నిండింది. వేళ్ళు మునిగాయి.

ఇదే కావాలన్నాను. ఒకదాంట్లో మామూలువి కడుగుతాను, ఒకదాంట్లో జిడ్డువి. లావణ్య ముఖం చిన్నబోయింది. నోరు ఆగని పిల్ల మాట్లాడకపోతే ఆ లోటు బస్సంతా తెలిసింది.

అందుకే దారిలో చెట్టు సంగతి చెప్పాను. ఎడమ తొట్టి నీళ్ళు చెట్టుకు పోవాలని, కుడి తొట్టిలో జిడ్డువి మాత్రమే కడగాలని చెప్పాను. తల ఊపింది.

ఆనాటి మూకుడు సంగతి మాత్రం చెప్పలేదు. అది నేను ఎవరికీ చెప్పుకోలేదు.

*

మేస్త్రీ కుళ్ళాయప్ప వచ్చాడు. మా ఊరివాడే. సింకును తిప్పి చూసి, రెండు బొక్కలనూ కింద ఒకే పైపులో కలుపుతారన్నాడు. ఎక్కడైనా అంతేనన్నాడు. వద్దన్నాను. రెండు పైపులు వేయమన్నాను.

"ఏమక్కా, ఒక చెట్టు కోసరం గోడ రెండు తావుల పగలగొట్టాల్నా?" అన్నాడు.

"కలపొద్దప్పా," అన్నాను. "ఆ చెట్టు కాడ మా యత్త ఉండాది."

కుళ్ళాయప్ప సుత్తి కింద పెట్టాడు. పెరటి వైపు కాసేపు చూశాడు. మా అత్త పిండి ఇచ్చిన నిమ్మనీళ్ళు తాగకుండా ఈ ఇంట్లో ఒక్క ఇటుక పెట్టినవాడు కాదు. ఇంకో పైపు కోసుకొచ్చాడు.

తూము మూసే ముందు ఒక్క నిమిషం ఆగమన్నాను. గోడ పట్టుకుని వంగి, ఒక చెంబు నీళ్ళు పోశాను. తూములోంచి పోయాయి. విన్నాను. కుళ్ళాయప్ప కూడా తాపీ పట్టుకుని నిలబడి విన్నాడు.

తర్వాత సిమెంటు పూశాడు.

*

కొత్త సింకు. మొదటి సాయంత్రం.

ఆ సంతోషంలో లావణ్య వడలు చేసింది. అందరూ తిన్నారు. అంట్లు నేనే తోముతానన్నాను.

నిలబడ్డాను. మోకాళ్ళు ఏమీ అనలేదు. సింకు మీద కిటికీ ఉంది. కిటికీలో చెట్టు ఉంది. ఇన్నేళ్ళూ కింద కూర్చుని ఆ చెట్టును విన్నాను గానీ, ఎన్నడూ తోముతూ చూడలేదు. కొమ్మల్లో కాయలు. ఆకుల మీద పొద్దుగూకే వెలుతురు.

కుళాయి తిప్పాను. మిద్దె మీద ట్యాంకులో పగలంతా కాగిన నీళ్ళు గోరువెచ్చగా వచ్చాయి. చేతుల మీద పారుతుంటే హాయిగా ఉంది. అబద్ధం ఎందుకు, చాలా హాయిగా ఉంది. ఇలాంటి నీళ్ళు అత్త చేతుల మీద ఒక్కరోజు పారి ఉంటే... అనుకుంటున్నాను. చెట్టునే చూస్తున్నాను. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

కిందికి చూశాను.

ఎడమ తొట్టిలో మూకుడు.

నీళ్ళ మీద నూనె చుక్కలు. ఒకటి, పది, వంద... గుండ్రంగా, పచ్చగా. బొక్క చుట్టూ తిరిగి, ఒకదాని వెనక ఒకటి లోపలికి దిగిపోతున్నాయి. కిటికీ అవతల, చెట్టు మొదట్లో, పైపు నోటినుంచి సబ్బు నురగతో బయటికి వస్తున్నాయి.

వంటింట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనవలసిన మనిషి లేదు.

ఆ మూడో రోజు తర్వాత ముప్పై నాలుగేళ్ళు ఏ రోజూ తప్పని చెయ్యి ఇది. జ్వరంలో తప్పలేదు. పురిటి నుంచి లేచిన రోజు తప్పలేదు. అత్త పోయిన రోజు కూడా పాలగిన్నెనే ముందు ముట్టుకుంది. పారే నీళ్ళ కింద ఒక్క పూటకే మరిచిపోయింది. చెట్టుకు రెండు పైపులు వేయించాను గానీ, నా చేతికి ఏం వేయించను?

లావణ్య వచ్చింది. తొట్టిని చూసింది. కిటికీలోంచి చెట్టును చూసింది.

నన్ను చూడలేదు.

మూలన రేపటికని పట్టిపెట్టిన మంచినీళ్ళ బిందె చంకన పెట్టుకుని పెరట్లోకి పోయింది. చెప్పులు వేసుకోలేదు. చెట్టు మొదట్లో కూర్చుని, జిడ్డు పట్టిన మన్నును చేత్తో గీకి దూరంగా పడేసింది. బిందె వంచింది.

ఆనాటి సంగతి నేను దానికి చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు.

సింకు అంచు గట్టిగా పట్టుకున్నాను. కళ్ళు మసకబారాయి. కన్నీళ్ళు ముక్కు మీదుగా జారి తొట్టిలో పడుతున్నాయి... ఆ ఎడమ తొట్టిలోనే.

లావణ్య లేచింది. చున్నీతో మెడ తుడుచుకుంది. అప్పుడు చూసింది నావైపు.

"ఒక్క తూరికే చెట్టు చావదులే," అంది. "కుళాయి కట్టేయత్తా. పారతాండాది."

అప్పటిదాకా పారుతూనే ఉంది. నాకు వినిపించలేదు.

కట్టేశాను.

ఇల్లంతా సద్దుమణిగింది. రేపు నా చెయ్యి ముందు దేన్ని అందుకుంటుందో నాకు తెలియదు. మూకుడును తీసి కుడి తొట్టిలో పెట్టాను. పాలగిన్నెను వెతికి చేతిలోకి తీసుకున్నాను. కిటికీ అవతల లావణ్య ఇంకా నిలబడే ఉంది, ఖాళీ బిందెతో, తల కొంచెం వంచి... ఏదో వింటున్నట్టు.

నేనూ తల వంచాను.

గుటక కాదు. గుటకకు ముందు గొంతులో కదిలే చిన్న చప్పుడు...