కూర్చునే రాత

బజారు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిగుడ్డ వేయడం చిన్నకోడలి పని. పైన అద్దాల కప్పు, కింద నలుపూ తెలుపూ గళ్ళ రాతినేల. టోపీల కొట్టు దాటింది, గడియారాల కొట్టు దాటింది. గుండీల కొట్టు దగ్గరికి రాగానే రోజూలాగే చేతికి ఎక్కడలేని బలం వచ్చింది. గుడ్డ పిండకుండానే బకెట్లోంచి తీసి, ఆ గడప ముందు నేలను చెరువు చేసింది.

లోపల ఎత్తయిన బల్ల వెనక తోడికోడలు కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకే ఏడు ఆ ఇంట్లో అడుగుపెట్టారు; ఇప్పుడు కాపురాలు వేరు, ఒకరినొకరు చూసుకునేది ఈ కొట్టు దగ్గరే. పెద్దామె మాట తేనె అని మామగారు ఆమెను కొట్లో కూర్చోబెట్టారు. చిన్నామె రెక్క గట్టిదని ఎవరితోనో చెప్పి ఈ పని ఇప్పించారు. ఆనాడు చిన్నకోడలి కడుపులో రాజుకున్న కుంపటి ఇప్పటికీ ఆరలేదు. కొనేవాళ్ళూ కొననివాళ్ళూ కూడా పెద్దామెను పలకరించిపోతారు. తుడిచిన నేలమీద నడుస్తూ తుడిచిన మనిషిని ఎవరు చూస్తారు?

"కాసేపు లోపలికొచ్చి కూర్చోవే," అంది తోడికోడలు. ముఖం పాలిపోయి ఉంది. "పొద్దుట్నుంచీ ఒంట్లో అదోలా ఉంది."

"కదలకుండా కూర్చునే ఒంటికి కూడా నలతేనా అక్కా? నాకు కూడలి దాకా పనుంది."

ఆ మాట అన్నాక మనసు కాస్త చల్లబడింది. పాత పుస్తకాల వరస తుడిచి, మెట్లు దిగి బయటి కూడలిలోకి వెళ్ళింది. ఫౌంటెన్ చుట్టూ ఉన్న రాతిబెంచీల మీద పావురాల రెట్ట గీకింది. ఎండ కాగుతున్నవాళ్ళు కాళ్ళు పైకెత్తారే గాని కబుర్లు ఆపలేదు. కూర్చోవడానికైనా పెట్టి పుట్టాలి, అనుకుంది.

తిరిగొచ్చేసరికి గుండీల కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. టోపీల కొట్టాయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"ఒక్క ముక్క మాట్లాడలేదమ్మా. ఎవరికో చొక్కా గుండీ వెతుకుతూ అలా వెనక్కి వాలిపోయింది. డాక్టరు చూసి పెదవి విరిచాడు. మీ బావగారికి కబురు పెట్టాం."

చిన్నకోడలికి ఏడుపు రాలేదు. నొప్పి లేకుండా, నలుగురి మధ్య, కూర్చున్నచోటే. చావు కూడా మంచిది ఈవిడకే దొరికింది, అనిపించింది. అలా అనిపించినందుకు తనకే సిగ్గేసి, చేతిలోని బకెట్టు ఓ పక్కన పెట్టింది.

బావగారు వచ్చారు. శవాన్ని మోసుకెళుతుంటే వెనక నడుస్తూ, "తలుపులు వేసి తాళాలు తీసుకురా అమ్మా," అన్నారు.

బల్ల వెనక్కి ఆమె వెళ్ళడం అదే మొదలు. ఇన్నేళ్ళూ ఆ బల్ల మీదుగా తోడికోడలిని నడుము పైనుంచే చూసింది. సొరుగు మూయడానికి వంగింది.

కుర్చీ కింద చెప్పుల జత ఉంది. మగవాళ్ళ కొలత. వాచిన పాదాలు పట్టడం కోసం పట్టీలు మధ్యకు కోసి, గుండీలు కుట్టే దారంతో వదులుగా కలిపి ముడేసి ఉన్నాయి.