చింతపండుతో తోమిన ట్రాంబోన్

సాంబమూర్తికి ముందు పళ్ళు నాలుగే మిగిలాయి. అవీ ఊగుతున్నాయి. సోమవారం పీకేస్తానన్నాడు డెంటిస్టు. శనివారం తెలుగువాళ్ళ ఉగాది సభ. పళ్ళు లేనివాడు పప్పన్నం తినొచ్చు, ఉపన్యాసమూ ఇవ్వొచ్చు గానీ ట్రాంబోన్ ఊదలేడు. పెదవికి వెనక ఆనడానికి గోడ కావాలి.

బొబ్బిలి పెళ్ళిమేళంలో బాకా ఊదే కుర్రాడు పందొమ్మిదివందల ముప్ఫై ఏడులో ఓడెక్కి సింగపూరు వచ్చిపడ్డాడు. హోటల్ బ్యాండులో గోవావాళ్ళ పక్కన తెల్లకోటు తొడుక్కుని, ఇత్తడి గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ స్వింగ్ వాయించాడు. నాలుగేళ్ళు దొరలు గెంతారు. తర్వాత జపానువాళ్ళొచ్చి అదే హాల్లో వాయించమన్నారు. వాళ్ళు గెంతలేదు, కదలకుండా కూర్చుని విన్నారు. అదింకా భయం. యుద్ధం అయ్యాక గిటార్లొచ్చాయి, బ్యాండు చెదిరిపోయింది. మిగతా ఉద్యోగమంతా రేవు గిడ్డంగిలో గుమాస్తాగా గడిచింది. ట్రాంబోన్ మంచం కిందకి చేరింది.

ఇన్నాళ్ళకి ఉగాది సభ ఏర్పాట్లు చూసే కుర్రాడు, సైన్స్ పార్క్‌లో పనిచేసే కృష్ణచైతన్య యూ టీ పేటలో వీళ్ళ ఫ్లాట్‌కి వచ్చి సభలో ట్రాంబోన్ వాయించమని అడిగాడు.

"ఐదు నిమిషాలే అంకుల్. తర్వాత వై టూ కే మీద స్కిట్ ఉంది."

ఐదు నిమిషాలు! నెలరోజులు గాల్లోనే చెయ్యి జరుపుతూ సాధన చేశాడు. ఊదితే పక్కింటివాళ్ళు ఊరుకోరుగా.

శుక్రవారం క్షవరం చేయించుకుని వచ్చేసరికి హాల్లో ట్రాంబోన్ గుడి కలశంలా మెరుస్తోంది. పక్కన కోడలు అరుంధతి, చేతులు నానిపోయి, మొహం వెలిగిపోతూ.

"ఎలా ఉంది మామయ్యగారూ? అరవయ్యేళ్ళ చిలుం! పావుకిలో చింతపండు పట్టింది."

"గొట్టాలు లాగి తోమావా అమ్మాయ్?"

"లోపలివేగా అసలు జిడ్డు! ఇనపపీచు పెట్టి రుద్దితేగానీ వదల్లేదు."

వెంట్రుక దూరనంత సందులో, ఆ జిడ్డు మీద తేలుతూ జారాలి ఆ గొట్టం. సాంబమూర్తి లాగాడు. కర్రుమని జానెడు జరిగి ఆగిపోయింది. నూనె పోశాడు. మనవరాలు వర్షిత రెండో కొస పట్టుకుని వేలాడింది.

"స్టక్ లా, తాతా," అంది సింగపూరు యాసలో.

బాగుచేసే షాపుకి ఫోన్ చేస్తే పదిరోజులన్నారు. పళ్ళకి అంత ఓపిక లేదు. గొట్టం కదలకపోతే ట్రాంబోన్ ఒట్టి బాకా. బాకా ఊదడం ఆయన బొబ్బిలిలోనే మానేశాడు.

"నేనేమైనా పాడుచేశానా?" అంది అరుంధతి.

"నువ్వేం చేస్తావమ్మా, ముసలిది. దానికీ కీళ్ళు పట్టేశాయి. పన్ను సలుపుతోందని చెప్పు ఆ అబ్బాయికి."

కృష్ణచైతన్య ఏమీ బాధపడలేదు. స్కిట్‌కి ఐదు నిమిషాలు కలిసొచ్చాయి. ట్రాంబోన్ని మాత్రం స్టేజీ మీద దీపం కుందె పక్కన అలంకారంగా నిలబెట్టించాడు. సాంబమూర్తి మొదటి వరసలో కూర్చుని, ఒళ్ళో చెయ్యి అంగుళం ముందుకీ, అంగుళం వెనక్కీ జరుపుతూ స్కిట్టంతా చూశాడు. అందరూ నవ్వినప్పుడు నవ్వాడు.

పులిహోర పళ్ళాలు పట్టుకుని ఆడవాళ్ళు ట్రాంబోన్ చుట్టూ మూగారు.

"ఏం పెట్టి తోమావ్ అరుంధతీ? బంగారంలా ఉంది!" అంది ప్రసన్నలక్ష్మి.

అరుంధతి మావగారి వంక చూసింది.

"చింతపండమ్మా," అన్నాడు సాంబమూర్తి, ఆ నాలుగు పళ్ళూ కనిపించేలా నవ్వి.