గాలి పుట్టిల్లు

నా కాలి బొటనవేలిని ఎవరో మెల్లగా లాగుతున్నారు, వంగి చూస్తే వేలికి తాడు కట్టి ఉంది, ఆ తాడు ఇసక మీదుగా పాకి సముద్రంలోకి పోతోంది, సముద్రం మాత్రం సముద్రంలా లేదు, నేను ఎనిమిదో తరగతితో వదిలేసిన బడి గచ్చులా నున్నగా బూడిదరంగులో పరుచుకుని ఉంది, దాని మీద చీలమండల లోతున నిలబడి మా ఆయన ఎల్లాజీ తన పెద్ద గాలిపటానికి పంపుతో గాలి కొడుతున్నాడు. ఈ మనిషి పోయి ఎనిమిది నెలలయిందని నాకు తెలుసు, తెలిసినా వింతగా లేదు, ఆ పంపు బుసబుసలకి పిల్ల లేచిపోతుందేమోనన్న దిగులే ఎక్కువగా ఉంది.

"మెల్లగా కొట్టు మావా, పిల్ల నిద్దరోతంది," అంటాను.

"ఏ పిల్ల?"

"మన పిల్లే. నువ్వెల్లినప్పుడు దానికి మూడో నెల. ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడతంది."

"నిలబడతందా," అని నవ్వుతాడు, అదే నవ్వు, పై పన్ను కొంచెం విరిగిన నవ్వు. "అయితే పలక మీద నిలబెట్టేద్దుం."

పలక అంటే ఆయన కాళ్ళ కింద కట్టుకునే బోర్డు. కొండ కింద బీచిలో, గాలి నింపిన పెద్ద గాలిపటం లాగుతుంటే నీళ్ళ మీద జారే ఆట నేర్పే చోట ఆయనది పని, మొదట్లో సామాన్లు మోసేవాడు, తర్వాత ఆట నేర్చుకుని తనే నేర్పేవాడయ్యాడు, బోర్డు అనడం మాత్రం నోరు తిరగక కాదు, కావాలనే మానేశాడు, వచ్చిన పట్నం కుర్రాళ్ళందరి చేతా పలక అనిపించాడు. ఇప్పుడు చూస్తే ఆయన చంకలో ఉన్నది నిజంగానే పలక, నా బడి పలక, మూల పగిలి, చెక్క చట్రానికి నా పేరు సగం చెరిగి.

"ఒలే, గాలెంతుందో సూసినావా?"

ఆ మాట వినగానే ఫోను కోసం కొంగు తడుముకుంటాను. ఎందుకంటే అది నా పని. కొండ చాటున ఒడ్డు మీద గాలి సుడి తిరుగుతుంది, చెంపకి తగిలే గాలిని నమ్మడానికి లేదు, లోపల సముద్రంలో లంగరేసిన పసుపు బోయా, తేలే పీపా లాంటిది, ఒకటి ఉంది, దాని మీది యంత్రం అసలు గాలిని కొలిచి ఫోన్‌కి పంపుతుంది, ఆయనకి చదువు లేదు కాబట్టి రోజూ నేను చూసి చెప్పేదాన్ని. గాలి వేగం పద్దెనిమిది నాట్లు అని చదివితే, వరినాట్లన్నట్టు "ఎన్నెకరాలేసినారేటి?" అని ఏడిపించేవాడు.

"పద్దెనిమిది," అంటాను, నా చేతిలో ఫోను లేదు, అయినా అంకె కనపడుతూనే ఉంది.

"ఏ గాలి?"

గచ్చు చల్లగా పాదాల మీదికి ఎక్కుతోంది.

"ఏ గాలే? సదువుకున్నదానివి, సెప్పు. ఆళ్ళంతా ఇంటన్నారు."

వెనక్కి చూస్తే ఆయన జతగాళ్ళంతా బెంచీల మీద కూర్చుని ఉన్నారు, బడి పిల్లల్లా చేతులు కట్టుకుని, తడి బట్టలతో. ఆయన పోయిన పొద్దు కూడా ఇలాగే, బీచి నుంచి ఇంటికి నాకు ఫోన్ చేసి స్పీకరులో పెట్టి, వినండ్రా మా ఇంటిది చెప్తుంది అన్నాడు, రోజూ తెరమీద దిక్కు అక్షరం వచ్చేది, ఆ పొద్దు అక్షరం రాలేదు, బాణం ఒక్కటే వచ్చింది, దాని మొన కొండ వైపుకి లేదు, సముద్రం వైపుకి ఉంది. మావాళ్ళు గాలిని దాని పుట్టింటి పేరుతో పిలుస్తారు, కొండ నుంచి వస్తే కొండగాలి, సముద్రం నుంచి వస్తే సంద్రపుగాలి, అందుకని మొన ఎటుంటే అదే పుట్టిల్లనుకుని, సంద్రపుగాలి మావా, ఎల్లు, ఒడ్డుకే తోస్తాది అన్నాను. ఆ మొన చూపించింది గాలి అత్తిల్లట, అది పోయే చోటు.

"బాణం గియ్యి," అని పలక ఇస్తాడు, బలపం కూడా. గీస్తాను. మొన సముద్రం వైపు పెడతాను, అది కొండ వైపుకి తిరిగిపోతుంది, చెరిపి మళ్ళీ గీస్తాను, ఈసారి రెండు కొనలూ మొనలే అవుతాయి.

"మావా, అది కొండగాలి. లోపలికి లాక్కుపోతాది. ఎల్లకు." చెప్పేశాను. ఎనిమిది నెలలుగా గొంతులో పెట్టుకున్న మాట, ఎంత తేలికగా వచ్చిందో.

ఆయన గాలిపటం తాళ్ళు నడుముకి తగిలించుకుంటూనే ఉన్నాడు. "ఎల్లిపోయినోడికి సెప్తన్నావు," అంటాడు, కోపంగా కాదు, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్టు.

"నాకు అప్పుడు తెలదు మావా."

"తెలకపోతే తెలదని సెప్పాల. ఆ పొద్దు ఆ ఒక్క ముక్కా అనుంటే నాను ఒడ్డునే కూకుందును." తాళ్ళు బిగిస్తూ, "అమ్మకి సెప్పినావా?"

"నేదు. అత్త గాలినే తిడతంది, రోజూ."

"పాపం, గాలి," అంటాడు.

ఏదో ఒకటి అనమని, నీ తప్పు కాదనో నువ్వే చంపేశావనో అనమని ఆయన చొక్కా పట్టుకోబోతాను, చొక్కా గుడ్డ గాలిపటం గుడ్డ అయిపోయి నిండుగా ఉబ్బుతుంది, బెంచీలు ఖాళీగా ఉన్నాయి, ఆయన దూరంగా చుక్కంత అయిపోతున్నాడు, నా బొటనవేలి తాడు మాత్రం బిగుసుకుంటోంది, రెండో కొస ఆయన దగ్గరే ఉందని నాకు అనిపిస్తుంది, లాగుతాను, ఆ తాడే నన్ను లాగుతుంది.

లేచాను. మిట్టమధ్యాహ్నం. చాప మీద పడుకుని ఊపడానికని ఉయ్యాల తాడు కాలి వేలికి కట్టుకుని నిద్రపోయాను. పిల్ల కదలకుండా పడుకుని ఉంది. కొండ వైపు కిటికీ తెరిచి ఉంది, ఉయ్యాల చీర ఉబ్బి సముద్రం వైపు గుమ్మంకేసి ఒరిగి అలాగే నిలబడింది, తాడు బిగిసి వేలు నల్లబడింది.

పెరట్లో అత్త ఎండుచేపల మీద గోనె కప్పుతూ కేకేసింది. "ఒలే, ఇక్కడ సుడి తిరిగిపోతంది, ఎటు కప్పాలో తెలడం నేదు. నువ్వు సూసి సెప్పు, ఏ గాలే అది?"

నేను ఉయ్యాల వైపు చూశాను. నోరు తెరిచాను.

"తెలదత్తా," అన్నాను.