సగం గ్లాసు

మిర్చి టిక్కీల బస్తాల లారీ లోపలికి వెళ్లాక యలమంద గేటు గొలుసు తగిలించి, ముక్కుకు కట్టుకున్న తువ్వాలు కిందికి లాగాడు. అరవై దాటినా నడుం వంగలేదు. బూట్లకు పొద్దున్నే పాలిష్ పెట్టుకుంటాడు. కాసేపటికే వాటి మీద ఎర్రటి దుమ్ము పడుతుంది. గుంటూరు శివారులోని ఆ కోల్డ్ స్టోరేజీలో అందరూ అతన్ని మిలటరీ అంటారు. ఆధా అని పిలిచేది సైన్యంలో తోడున్న అయూబ్ ఒక్కడే.

టీ కొట్టు కోటిరత్నం మధ్యాహ్నం టీ తెచ్చింది. యలమంద సగం తాగి, గ్లాసు మీద సాసరు మూతపెట్టి బల్ల మీద ఉంచాడు.

"అయూబ్ గారు ఆస్పత్రిలో ఉంటే ఆ సగం ఎవరికయ్యా? రోజూ పారబోసేది నేనేగా," అందామె.

"పారబొయ్యి. రేపు మాత్రం మళ్లీ నిండుగా పొయ్యి."

ఆధా అన్న పేరు సైన్యంలో ఉండగా మంచుకొండల మీద పుట్టింది. పోస్టులో ఇద్దరికీ ఒకటే మగ్గు. కాపలా దిగి వచ్చే అయూబ్ కోసం యలమంద సగం టీ మిగిల్చి, మగ్గును ఉన్నిటోపీలో చుట్టి ఉంచేవాడు. అది చూసి పంజాబీ హవల్దారు నవ్వాడు. హిందీలో సగాన్ని ఏమంటారో ఆ మాటతోనే పిలిచాడు: ఆధా. ప్లటూనంతా దాన్నే పట్టుకుంది.

ఈ ఉద్యోగం చూపించింది కూడా అయూబే. పగలు ఇతను, రాత్రి అతను. సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు అయూబ్ ఆ గ్లాసెత్తేవాడు.

"ఒరేయ్ ఆధా, నీ పుణ్యాన వేడి టీ ఎట్టుంటదో మర్చిపోయాన్రా."

అంటూనే చుక్క మిగల్చకుండా తాగేవాడు.

నెమ్ము చేసి అయూబ్ మంచాన పడ్డప్పటినుంచి రెండు డ్యూటీలూ యలమందవే.

మేనేజరు గేటు దగ్గర బండి ఆపాడు. "రేపు కొత్త మనిషి వస్తాడు మిలటరీ గారూ. ఎన్నాళ్లని రెండు పూటలా నిలబడతారు?"

"నిలబడతానండి. వాడి చోటు ఎవరికీ ఇవ్వొద్దండి. ఈ ఉద్యోగం ఉందనే మందులు మింగుతున్నాడు."

మేనేజరు బండి దిగాడు. "సరే. ఈ వారం చూద్దాం."

ఆ సంగతి చెబుదామని యలమంద ఫోను తీశాడు. నొక్కేలోపే అది మోగింది. అయూబ్ కూతురు సిద్దికా.

"బాబాయ్... నాన్న ఇందాకే పోయాడు. పొద్దున కూడా అడిగాడు, ఆధా డ్యూటీ దిగాడా అని."

"వస్తన్నానమ్మా."

యలమంద ఫోను జేబులో పెట్టుకున్నాడు. టోపీ సరిచేసుకుని, గేటు తాళాలు మేనేజరు చేతికిచ్చాడు.

"కొత్త మనిషిని ఇవ్వాళే పిలిపించండి."

అయూబ్ దగ్గరికి వెళ్లే పేట బస్సు కోసం రోడ్డు దాటాడు.

సాయంత్రం కోటిరత్నం గ్లాసుల కోసం వచ్చింది. గుమాస్తాలవీ, హమాలీలవీ తీసి బకెట్లో వేసుకుంది. గేటు గదిలోకి తొంగిచూసి, చెయ్యి పెట్టకుండానే వెళ్లిపోయింది.

బల్ల మీది గ్లాసు అలాగే ఉంది. మూతపెట్టిన సాసరు మీద మిరప దుమ్ము పలచగా, ఎర్రగా పేరుకుంటోంది.