దవడ పన్నుకు అరవై ఆరు మార్కులు

తన నాణేలను ఎవరూ చూడటం లేదన్నది పళ్ళ డాక్టరుగారి బాధ. చూడకపోవడానికి కారణమూ ఆయనే. కొన్న ప్రతి నాణేన్నీ ఆయన గ్రేడింగ్ కంపెనీకి పంపించేవాడు. వాళ్ళు దాన్ని భూతద్దం కింద పెట్టి, గీతలూ మచ్చలూ వెతికి, డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేసి, ఆ చీటీతో సహా గట్టి ప్లాస్టిక్ డబ్బీలో మూసేసి పంపేవారు. డబ్బీ పగలగొడితే మార్కులు చెల్లవు. అలా వచ్చిన డబ్బీలను ఆయన తిన్నగా బ్యాంకు లాకరులో పెట్టేవాడు. అంత భద్రంగా దాచుకున్న వస్తువును లోకం మెచ్చుకోవడం లేదని వాపోయేవాడు.

"అల్లుడుగారూ, నాకు తెలియక అడుగుతాను," అంది ఒకసారి ఆయన అత్తగారు. ఆవిడ రెండు వీధుల అవతల ఉంటుంది గానీ, ఆవిడ మాట మాత్రం ఈ ఇంట్లోనే ఉంటుంది. "బజారుకు పట్టుకెళ్తే ఇవి చెల్లుతాయా?"

"చెల్లవండీ. పాతకాలం రాజులవి కదా."

"చెల్లనివాటికి మార్కులేంటి? అసలు పరీక్ష ఎవరు రాశారని?"

"ఎంత తక్కువ అరిగితే అన్ని మార్కులు అత్తయ్యగారూ. ఎవరి చేతా పడకుండా ఉండిపోయిన నాణేనికి అన్నిటికంటే ఎక్కువ."

"అంటే ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నవాడికి ఫస్టు క్లాసన్నమాట," అని ఆవిడ కూతురి వంక చూసింది. కూతురు కిటికీలోంచి బయటికి చూసింది.

ఈ లోకం కాకపోతే ఇంకో లోకం ఉంది. నాణేలు సేకరించేవాళ్ళ వెబ్‌సైటు ఒకటుంది. ఎవరి నాణేలను వాళ్ళు ఫోటోలు తీసి అక్కడ ప్రదర్శనగా పెట్టుకోవచ్చు. ఏటా ఒక ఉత్తమ ప్రదర్శనను ఎంచి బహుమతి ఇస్తారు. డాక్టరుగారు లాకరు ఖాళీ చేసి, డబ్బీలన్నిటినీ భోజనాల బల్ల మీద పరిచి, ఫోను తీశాడు.

నాణెం మెరుస్తుంది. దాని మీద ప్లాస్టిక్ అంతకంటే మెరుస్తుంది. మొదటి ఫోటోలో మహారాజుగారి ముఖం మీద సీలింగు ఫ్యాను తిరుగుతోంది. రెండోదాంట్లో కిరీటం ఉండాల్సిన చోట డాక్టరుగారి బట్టతల ఉంది. మూడోదాంట్లో ఎదురింటి బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్ళు స్పష్టంగా వచ్చాయి. ఆయన ఓపికగా అన్నీ తీసి, ఉన్నంతలో నయమైనవి సైటులో పెట్టాడు. నాలుగు రోజులకు ఒకే ఒక్క వ్యాఖ్య వచ్చింది. రాసినవాడు 'ఇనప్పెట్టె' అనే మారుపేరు పెట్టుకున్న సభ్యుడు. వరసగా మూడేళ్ళ నుంచీ బహుమతి అతనిదే.

"ఫ్యాను చాలా బాగుంది. ఏ కంపెనీదండీ?"

డాక్టరుగారికి ఆ రోజు అన్నం సయించలేదు.

మర్నాడు క్లినిక్కులో ఒక రోగి నోరు ఫోటో తీస్తుంటే ఆయనకు తట్టింది. తడిగా ఉండి తళతళలాడే వస్తువును, లోపల ఎక్కడో చీకటి మూలన ఉన్నదాన్ని, మెరుపు తగలకుండా తీయడం ఆయనకు రోజూ చేసే పనే. లెన్సు చుట్టూ ఉంగరంలా వెలిగే ఫ్లాష్ ఉంది. చిన్న అద్దాలున్నాయి. నోట్లో అద్దాన్ని ఏ వాలులో పెడితే వెలుగు కంట్లో కొట్టదో చేతికి తెలుసు. ఆ వారం నుంచి డబ్బీలు ఒక్కొక్కటే రోగుల కుర్చీలో తల ఆనించుకునే చోట పడుకోవడం మొదలుపెట్టాయి.

"డాక్టరుగారూ, బయట పేషెంటు దవడ పట్టుకుని కూర్చున్నాడండీ," అనేది నర్సు తలుపు తీసి.

"ఒక్క నిమిషం. రాజుగారి బొమ్మ అయింది, బొరుసు ఒక్కటే ఉంది."

"ఆయన ఏడుస్తున్నాడండీ."

"రాజుగారు కదలకుండా ఉన్నప్పుడే తియ్యాలమ్మా."

ఆఖరి డబ్బీలు తీస్తున్న రోజే అత్తగారు వచ్చింది. ఎడమ దవడ పన్నుకు ఎప్పుడో వేయించుకున్న బంగారు తొడుగు కదిలింది. ఆయన ఏ రోగికైనా చేసినట్టే ముందు ఫోటో తీసుకుని, తొడుగు శుభ్రం చేసి, మళ్ళీ గట్టిగా అతికించి పంపించాడు. మధ్యాహ్నం కెమెరాలో ఉన్న ఫోటోలన్నిటినీ ఒక్కసారిగా సైటులోకి ఎక్కించి, వరసగా పేర్లు రాసుకుంటూ పోయాడు. మధ్యలో ఒక రోగి ఫోను చేసి, పీకిన పన్ను ఇంకా నొప్పిపుడుతోందని చాలాసేపు వాదించాడు. ఆ వాదనలోనే ఒక ఫోటోకు 'పట్టాభిషేకపు బంగారు నాణెం, బొరుసు' అని పేరు రాసి మిగతా పని ముగించాడు.

మర్నాడు పొద్దున్న చూస్తే ఆ ఒక్క ఫోటో కింద జనం తిరణాలలా చేరి ఉన్నారు. ఏ రాజు కాలందని ఒకరు అడిగారు. అంచు గుండ్రంగా లేదు కాబట్టి ఇది ముద్ర తప్పిన అపురూపమైన నాణెమని ఇంకొకరు తేల్చారు. మధ్యలో ఉన్నవి కొండలా, కోట బురుజులా అన్న దాని మీద ఇద్దరు పెద్దమనుషులు మాటామాటా అనుకున్నారు. అప్పుడు ఇనప్పెట్టె రాశాడు.

"అయ్యా, అది దవడ పన్ను. కింది వరస."

ఆ తర్వాత నవ్వులు. నవ్వుల మధ్య ఎవరో గ్రేడింగ్ కంపెనీ భాషలోనే మార్కులు వేశారు. 'ఎత్తైన చోట్ల స్వల్పంగా అరుగుదల. సహజమైన మెరుపు. ఎన్నడూ రుద్ది కడిగిన జాడ లేదు. అరవై ఆరు.' కడగని నాణెమంటే సేకరించేవాళ్ళకు ప్రాణం. కానీ కడగలేదన్న మాట పళ్ళ డాక్టరుకు గునపంలా దిగింది.

రోగి నోరు రోగిది. దాన్ని బజారున పెట్టకూడదు. అందులోనూ ఆ రోగి అత్తగారు. ఆయన వెంటనే ఫోటో తొలగించి భార్యకు చెప్పాడు.

"మా అమ్మ నోరు సంగతి ఇన్నాళ్ళూ మన వీధికే తెలుసు," అంది ఆవిడ. "ఇప్పుడు దేశాలన్నిటికీ తెలిసిందన్నమాట."

క్షమాపణ చెప్పుకుందామని సాయంత్రం ఆయన అత్తగారింటికి వెళ్ళేసరికే కూతురి ఫోను ఆవిడకు చేరిపోయింది. పక్కింటావిడ కూడా కుర్చీ లాక్కుని కూర్చుని ఉంది.

"ఏంటి అల్లుడుగారూ, నా పన్ను తీసేశారట?"

"తీసేశానండీ. చూసిన వెంటనే తీసేశాను."

"అయ్యో, నిన్ననేగా అతికించారు! అప్పుడే పీకేశారా?" అంది పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంటూ.

అత్తగారు ఆవిణ్ణి చేత్తోనే ఆపింది. "ఎన్ని మార్కులొచ్చాయి?"

"అరవై ఆరు."

"మీ రాజులకి?"

డాక్టరుగారు నేల చూశాడు. "ఒకాయనకి అరవై నాలుగు. మిగతావాళ్ళు ఇంకాస్త కింద."

"అయితే తీసెయ్యడం ఎందుకు? మళ్ళీ పెట్టండి."

"పేషెంట్ల ఫోటోలు అలా పెట్టకూడదండీ. రూలు."

"పన్ను నాది. నేను ఒప్పుకుంటున్నాను. దీంతో ఎన్నేళ్ళు నమిలానో తెలుసా? పనిచేసి కూడా ఫస్టు క్లాసు తెచ్చుకుంది నా పన్ను."

పన్ను మళ్ళీ ఎక్కింది. ఈసారి కింద సరైన పేరే రాశాడు. వారం తిరక్కుండా సైటు నిర్వాహకుల నుంచి సందేశం వచ్చింది. డాక్టరుగారి ప్రదర్శన ఫోటోలు ఈ ఏడు వచ్చినవాటన్నిటిలోకీ మేలైనవట. కానీ నాణెం కాని వస్తువు అందులో ఒకటి ఉంది కనుక బహుమతికి పరిశీలించలేరట. దాన్ని తొలగిస్తే పరిశీలిస్తారట.

ఆయన రెండు రోజులు ఆ సందేశాన్ని ముందేసుకుని కూర్చున్నాడు. "అమ్మకు మీరే చెప్పుకోండి," అని భార్య ముందే తప్పుకుంది. మూడో రోజు క్లినిక్కుకు వెళ్తుంటే దారిలో అత్తగారు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ కనిపించింది. ఎప్పుడూ పెదవులు బిగించి నవ్వే మనిషి, ఎడమ వైపు బాగా కనిపించేలా నవ్వుతోంది. ఆయన బహుమతి సంగతి వదిలేశాడు.

అయితే సందేశాలు ఆగలేదు. అంతగా మెరిసేదాన్ని అంత చక్కగా ఎలా తీశారని ఊరూ పేరూ తెలియనివాళ్ళు అడిగారు. ఒకనాడు క్లినిక్కుకు పెట్టె పట్టుకుని సన్నగా ఒకాయన వచ్చాడు. బీరువాల వ్యాపారి.

"నేనేనండీ ఇనప్పెట్టెని. ఫ్యాను గురించి అడిగాను," అన్నాడు నసుగుతూ. "మీరేమీ అనుకోకపోతే నావి కూడా తీసి పెడతారా? నిజం చెప్పాలంటే నా నాణేల్ని నేనే ఎప్పుడూ సరిగ్గా చూసుకోలేదు."

మాట్లాడుతుంటే పై వరసలో ఒకటి పుచ్చి ఉండటం డాక్టరుగారికి కనిపించింది. ప్రాణానికి కాస్త హాయిగా అనిపించింది.

ఆ పెట్టెలో ఒక వెండి నాణెం ఉంది. దాని మీద రాణిగారి జడ పాయపాయనా తెలుస్తోంది. డాక్టరుగారు అలాంటిది చేతులారా పట్టుకోవడం అదే మొదటిసారి. వెలుగు వెంట్రుకవాసి పక్కకు జరిపితే చాలు, జడ మసకబారుతుంది, ఎవరికీ తెలియదు. నిజంగానే జరిపాడు. లెన్సులోంచి చూశాడు. రాణిగారు గుడ్డిదానిలా కనిపించింది. ఆయన చెయ్యి దాన్ని భరించలేకపోయింది. మళ్ళీ వెనక్కి జరిపి, అద్దం వాలు సరిచేసి, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

ఆ ఏడు కూడా బహుమతి ఇనప్పెట్టెకే వచ్చింది. ఫలితాలు వచ్చిన రోజు అత్తగారు క్లినిక్కులోనే ఉంది. ఆయన భుజం మీదుగా తెర వైపు వంగి, కళ్ళజోడు సర్దుకుని, వెండి నాణేన్ని చాలాసేపు చూసింది.

"ఇది బాగుంది అల్లుడుగారూ. ఎంత చక్కటి మనిషి!"

ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఒక నాణేనికి అలాంటి మాట రావడం ఆయన ఎరగడు. "ఫోటో నేనే తీశానండీ," అన్నాడు గొంతు సవరించుకుని.

"ఫోటో సంగతి కాదు. నాణెం మీదేనా?"

"కాదండీ. ఇంకొకాయనది."

"అనుకున్నాను," అందావిడ.